అన్న పుస్తకంలో రాయని సగం మాత్ర

మా ఊళ్లో మా అన్న గురించి ఒక కథ తిరుగుతోంది. సంగటి తిని, రోజూ నడిచి, ఒక్క మాత్ర మింగకుండా షుగర్ దించుకున్నాడని మొదటి సగం. మురుగమల్ల దర్గాకు మొక్కు తీర్చబోయి దారిలో పడి మూర్ఛరోగి అయ్యాడని రెండో సగం. పాలు పోయడానికి వచ్చినవాళ్లు పాల డైరీ ముందు వరసలో నిలబడి ఈ కథ చెప్పుకుంటారు. కొందరు ఉపవాసాన్ని తప్పుపడతారు, కొందరు ఆ వయసులో అంత నడక ఎందుకంటారు. నేను లోపల కూర్చుని పాలు పరీక్షిస్తూ వింటుంటాను.

ఆ కథకు ఆధారం నా చేతిరాత. అన్న ఏం తిన్నాడు, ఎంత నడిచాడు అని ప్రతిరోజూ పుస్తకంలో రాసినవాణ్ణి నేనే. అందులో ఒక సంగతి రాయలేదు. దాన్ని ఇప్పుడు రాస్తున్నాను. ఇది రాసినంత మాత్రాన ఏది దేనివల్ల జరిగిందో తేలిపోతుందని అనుకోవద్దు. నాకే తేలలేదు. తెలిసినంత చెబుతాను.

మాది కన్నడ నాట మండికల్ పక్క పల్లె, ఇంట్లో మాట తెలుగు. నాకు యాభై రెండు దాటాయి. ఇరవై ఏళ్లకు పైగా ఊరి పాల డైరీలో పాలు పరీక్షించే పని నాది. తెచ్చిన పాలలోంచి చిన్న గిన్నెలోకి కాస్త తీసి మిషన్ కింద పెడితే కొవ్వు ఎంత ఉందో అంకె పడుతుంది. ఆ అంకె పుస్తకంలో రాయాలి. మా ఇంటి పాలలో నీళ్లు కలిశాయని నా భార్య తెచ్చిన క్యాను నేనే వెనక్కి పంపాను. ఆ రోజు ఇంట్లో నాకు కూర లేదు, ఉత్త మజ్జిగే. "వాడు రాసినాడంటే మిషన్ కూడా మారు మాట్లాడదు" అని ఊళ్లో అనుకునేవాళ్లు. ఆ పేరు నాకు చాలా ఇష్టంగా ఉండేది.

అన్న నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నాన్న పోయినప్పుడు నేను బడిలో ఉన్నాను. అన్న చదువు మానేసి ఆవుల పని ఎత్తుకున్నాడు, నన్ను చదివించాడు. మేం ఇంతవరకు వేరు పడలేదు. ఒకే పొయ్యి, ఒకే దొడ్డి. ఇంట్లోకి ఏది వచ్చినా రెండు భాగాలు. సంతలో నాకొక టవలు కొంటే అన్నకొకటి. పనసపండు కోస్తే తొనలు లెక్కపెట్టి పంచేది మా అమ్మ. అమ్మ పోయినా ఆ అలవాటు పోలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. జరిగిన దానికి మూలం అక్కడే ఉంది.

మూత్రానికి మాటిమాటికీ లేవడం, కాళ్లు తిమ్మిర్లు పట్టడం మొదలై నేను చిక్కబళ్లాపురంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. తోడుగా అన్న వచ్చాడు. వచ్చినందుకు తనూ రక్తం ఇచ్చాడు. నాకు షుగర్ బాగా పెరిగిందని తేలింది. అన్నకు గట్టు మీద ఉంది, ఇంకా లోపల పడలేదు. ఇద్దరికీ పొట్టలున్నాయి, లివరు మీద కొవ్వు ఉంది, రక్తంలోనూ ఉంది.

డాక్టరమ్మ కన్నడంలో చాలా సేపు చెప్పారు. పొట్టలో కొవ్వు ఊరికే మూటలా పడి ఉండదట. అదొక కార్ఖానా అట. అక్కడి నుంచి ఒంటికంతా కబుర్లు పోతుంటాయట. ఒక హార్మోను తలకు పోయి "చాలు, ఇంక తినొద్దు" అని చెబుతుంది. కొవ్వు పెరిగితే అది ఇంకా ఎక్కువ అరుస్తుంది. అరిచి అరిచి చివరికి తల వినడం మానేస్తుంది. ఇంకొకటి మంచిది, గుండెనూ రక్తనాళాలనూ కాపాడేది. అది మాత్రం పొట్ట పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. లెప్టిన్, అడిపొనెక్టిన్ అని రెండు పేర్లు చీటీ మీద రాసిచ్చారు. నడిస్తే ఒక రకంగా, తిండి తగ్గిస్తే ఒక రకంగా, కొన్ని మందులతో ఇంకో రకంగా ఈ కబుర్లు సర్దుకుంటాయట.

నాకు బుర్ర తిరిగింది. నా జీవితమంతా కొవ్వు అంకె ఎక్కువ పడితే మంచి పాలు, తక్కువ పడితే నీళ్ల పాలు. ఇక్కడ ఒకటి ఎక్కువైతే చెడ్డ, ఒకటి తక్కువైతే చెడ్డ. ఎక్కువైనది కూడా ఎక్కువ ఉండి పని చేయదట.

"అంటే మేడం, నా పొట్టలో కూడా ఒక డైరీ ఉండాదా?" అన్నాడు అన్న.

"ఉంది. ఆ డైరీలో సెక్రెటరీ మాట ఎవరూ వినడం లేదు" అన్నారు ఆమె. అన్న పకపకా నవ్వాడు.

నాకు షుగర్ మాత్ర రాశారు. తిన్న తర్వాతే వేసుకోవాలి, వేసుకున్న రోజు భోజనం తప్పకూడదు, తప్పితే షుగర్ మరీ దిగిపోయి కళ్లు తిరుగుతాయి అని రెండుసార్లు చెప్పారు. అన్నకు మాత్ర వద్దన్నారు. మూడు నెలలు తిండి, నడక, తర్వాత చూద్దాం అన్నారు. ఇద్దరికీ చెరొక నోటుపుస్తకం పెట్టమన్నారు. ఏం తిన్నారు, ఎంత నడిచారు, ఏం మందు వేసుకున్నారు. "రాసేది ఎవరు?" అని అడిగితే అన్న నన్ను చూపించి, "వీడే మేడం. వీని రాతకు ఊరంతా తలొంచుతుంది" అన్నాడు.

ఇంటికి వచ్చి చెబితే వదిన ముఖం మాడ్చుకుంది. వదినది బాగేపల్లి. ఏదీ మనసులో పెట్టుకోదు.

"తమ్మునికి మందు, అన్నకు ఉత్త మాటలా? నీకు నోరు ల్యాదా మరిదీ, నాకిచ్చినట్ల మా అన్నకూ ఇయ్యండని అడగను?"

"ఆయనకు అవసరం ల్యాదన్నారు వదినా."

"అవసరం యాల ల్యాదు? ఇద్దురికీ ఒకటే కుండలో సంగటి, ఒకటే పొట్ట. నీకొచ్చిన రోగం ఆయనకు రాదా?"

అన్న విసుక్కున్నాడు. "ఊరికే ఉండవే. ఆ షుగర్ మాత్ర ఒగసారి నోట్లో పడితే సచ్చేదాకా ఇడవదు. నాకొద్దు. నేను నడిచే దించుతా, చూస్తాండు."

వదిన మాట మాత్రం నాలో ఉండిపోయింది. నాకు మందు, అన్నకు ఏమీ లేదు. అన్నకు రేపేదైనా అయితే? మరునాడు మాత్ర చేతిలోకి తీసుకుని చూస్తే దాని మధ్యలో సన్నటి గీత ఉంది. విరవడానికే ఆ గీత పెట్టారని నాకు తోచింది. విరిస్తే రెండు భాగాలు. మేమూ ఇద్దరం. ఇప్పుడు రాస్తుంటే ఎంత తెలివితక్కువగా కనిపిస్తోందో ఆ రోజు అంత సబబుగా కనిపించింది. వక్కలు కత్తిరించే అడకత్తెరతో గీత మీద నొక్కాను. సరిగ్గా రెండు ముక్కలైంది.

అన్నతో బలం మాత్ర అని చెప్పాను. డాక్టరమ్మ ఇద్దరికీ ఇచ్చారని చెప్పాను. నా మాట మీద అన్నకు అనుమానం ఎప్పుడు వచ్చింది గనక! నీళ్లు కూడా అడగకుండా మింగేశాడు. ఆ రోజు అన్న పుస్తకంలో మందు అన్న చోట "లేదు" అని రాశాను. నా పుస్తకంలో "ఒకటి" అని రాశాను. రెండూ అబద్ధమే. నా ఉద్యోగంలో నేను రాయని రకం అంకెలు అవి.

ఇంకో అబద్ధం కూడా ఉంది. పరీక్ష అయ్యాక గిన్నెల్లో మిగిలిన పాలన్నీ ఒక క్యానులో పోగవుతాయి. ఆ పాలు కాచుకుని, మీగడతో సహా, రోజూ పెద్ద లోటాడు తాగడం నాకు అలవాటు. అది పుస్తకంలో ఎక్కించలేదు. నడక గడిలో మాత్రం "గంట" అని రాసేవాణ్ణి. డైరీ నుంచి ఇంటికి రావడం ఎంత సేపు? పది నిమిషాలు.

అన్న మాత్రం నిజంగా నడిచాడు. పొద్దున పాలు పిండి, మండికల్ రోడ్డు పట్టుకుని పోయి వచ్చేవాడు. సంగటి ముద్ద సగం చేశాడు, ఆకుకూర రెండింతలు చేశాడు. టీలో చక్కెర మానేశాడు. మొలతాడు వదులైతే ముడి జరిపి బిగించుకుని, ఆ ముడిని ఊరందరికీ చూపించేవాడు. "ఇది చూడప్పా, నా మిషన్ ఇది" అనేవాడు. డైరీ ముందు పంచె పక్కకు లాగి మొలతాడు చూపిస్తుంటే ఆడవాళ్లు ముఖం తిప్పుకుని నవ్వేవాళ్లు.

మూడు నెలలకు మళ్లీ రక్తం ఇచ్చాం. అన్నకు అన్నీ దిగాయి. నాకు దిగలేదు. డాక్టరమ్మ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు.

"ఈయన మాత్ర లేకుండా ఇంత బాగా దించారు. మీరు మాత్ర వేసుకుని, గంట నడిచి, ఇదే తిండి తిని ఎందుకు దిగలేదు?"

ఆమె తనకు తానే జవాబు వెతుక్కున్నారు. ఒక్కొక్క ఒంటి తీరు ఒకలా ఉంటుందని, మీ కొవ్వు ఇన్సులిన్ మాట విననివ్వడం లేదేమోనని, ఆయన కండ ఎక్కువ పని చేసింది కాబట్టి అది చక్కెరను బాగా లాక్కుని ఉంటుందని కాగితం మీద బొమ్మ వేసి వివరించారు. ఎంత శ్రద్ధగా వివరించారో! నేను రాసిన అబద్ధానికి ఆమె కారణాలు వెతుకుతున్నారు. అప్పుడు చెప్పి ఉంటే అయిపోయేది. "అవును మేడం, అవును మేడం" అన్నాను.

నా మాత్ర పవరు రెండింతలు చేశారు. పెద్ద మాత్రకు కూడా మధ్యలో గీత ఉంది. ఆ సాయంత్రం దాన్ని కూడా అడకత్తెరలో పెట్టాను. ఇప్పుడు అన్నకు వెళ్లే సగం, మొన్నటి దాకా నాకు రాసిన పూర్తి మాత్రతో సమానం. ఈ లెక్క నాకు ఆ రోజు తట్టలేదు. పాల కొవ్వులో పావు అంకె తేడా వచ్చినా పట్టుకునేవాణ్ణి, ఇది పట్టుకోలేదు.

షుగర్ దిగితే మురుగమల్లకు వస్తానని అన్న మొక్కుకుని ఉన్నాడు. మా వైపు హిందువులు కూడా ఆ దర్గాకు పోతారు, మా నాన్న కూడా పోయేవాడు. వారం తిరక్కుండానే బయలుదేరాం. అన్న, వదిన, నేను. మొక్కు తీరేదాకా ఏమీ తినను, చివరి దారి నడిచే పోతాను అన్నాడు. చింతామణిలో బస్సు మారేటప్పుడు వదిన ఇడ్లీ తినమని బతిమాలింది. తినలేదు. నేను తిన్నాను. తిన్నాక జేబులోంచి కాగితం పొట్లం విప్పి నా సగం వేసుకుని, రెండో సగం అన్నకిచ్చాను.

"ఉపాసంలో మాత్ర తినొచ్చునా?" అన్నాడు.

"బలం మాత్ర కదన్నా, తిండి కిందికి రాదు" అన్నాను.

తిన్న తర్వాతే వేసుకోవాలన్న డాక్టరమ్మ మాట నాకు గుర్తు లేదా అంటే, ఉంది. నా మాత్ర గురించి గుర్తుంది, నేను తినే వేసుకున్నాను. అన్న చేతిలో పెట్టినది కూడా అదే మాత్ర అన్న సంగతి ఆ నిమిషంలో నా తలలో ఎక్కడ ఉందో నాకు తెలియదు. దానికి బలం మాత్ర అన్న పేరు పెట్టి పెట్టి, నేనే ఆ పేరును నమ్మడం మొదలుపెట్టాననుకుంటాను.

మురుగమల్ల ఇంకా కొంత దూరం ఉండగా బస్సు దిగి నడిచాం. ఎండ అంత లేదు. అన్న ముందు హుషారుగానే నడిచాడు. తర్వాత మాటలు తడబడ్డాయి. చొక్కా అంతా చెమటతో తడిసింది. "మండికల్ రోడ్డు ఇంత వంకరగా యాల పోతాండాదిరా?" అన్నాడు. వదినా నేనూ ముఖాలు చూసుకున్నాం. నాలుగు అడుగులు వేసి కూలబడ్డాడు.

ఆటోలో వేసుకుని చింతామణి ఆస్పత్రికి తెచ్చాం. వేలు గుచ్చి చూసి షుగర్ బాగా పడిపోయిందన్నారు. గ్లూకోజు ఎక్కించారు. డ్యూటీలో ఉన్న డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు.

"షుగర్ మాత్రలు వేసుకుంటాడా?"

"లేదు సార్."

"ఏ మాత్రా లేదా?"

"బలం మాత్ర సార్. అంతే."

వదిన నా వెనకే నిలబడి ఉంది. "మా ఆయన మాత్ర ల్యాకుండానే దించినాడు సార్" అని గర్వంగా కలిపింది. డాక్టరు తల ఊపి, ఉపవాసం, నడక, అంతేనేమో అన్నాడు. ఒకరోజు ఉంచి చూస్తామన్నాడు. అన్న కళ్లు తెరిచి బాగానే మాట్లాడుతున్నాడని మేమే సాయంత్రానికి ఇంటికి తెచ్చేశాం. మొక్కు తీరలేదని అన్న దారంతా బాధపడ్డాడు.

ఉపవాసమే కారణం అన్న మాట నాకు ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను. దాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఎంత గట్టిగా అంటే, మరునాడు పొద్దున మళ్లీ సగం మాత్ర ఇచ్చాను.

ఆ మధ్యాహ్నం దొడ్లో గడ్డి వేస్తూ అన్న రెండోసారి పడ్డాడు. ఈసారి కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. ఆవులకు మేత వేసే గాటికట్ట తగిలి తుంటి దగ్గర ఎముక చిట్లింది. వదిన ఏం ఆలోచించిందో, బెల్లం కలిపిన పాలు కొంచెం కొంచెంగా నోట్లో పోసింది. చిక్కబళ్లాపురం ఆస్పత్రి చేరేసరికి తెలివి వచ్చింది, షుగర్ కూడా సరిగానే ఉంది. దాంతో వాళ్లు వేరే కారణం వెతికారు. రెండు రోజుల్లో రెండుసార్లు పడ్డాడు, కాళ్లు చేతులు కొట్టుకున్నాయి. మందులేమైనా వాడుతున్నాడా అని మళ్లీ అడిగారు. మళ్లీ లేదన్నాను. మూర్ఛ కావచ్చని మాత్రలు మొదలుపెట్టారు.

ఆ రోజు నుంచి నేను అన్నకు సగం ఇవ్వడం మానేశాను. ఆ రోజు నుంచి అన్న పడలేదు.

"మూర్ఛ మాత్ర బాగా పట్టింది" అన్నారు అందరూ.

ఇక్కడే నాకు అంతా గజిబిజి అయింది. నేను మానినందుకు పడలేదా? మూర్ఛ మాత్ర పని చేసి పడలేదా? ఒకవేళ నిజంగానే మూర్ఛ ఉండి ఉంటే? అప్పుడు నా మాట నమ్మి ఆ మాత్ర ఆపితే, అన్న ఏ రోడ్డు మీదో పడితే? చెబితే ఒక భయం, చెప్పకపోతే ఒక భయం. రెండింటి మధ్యలో నెలలు గడిచాయి.

ఆ నెలల్లో అన్న మారిపోయాడు. తుంటి ఎముక అతుక్కున్నా కర్ర లేకుండా నడవలేడు, నడవడానికి భయం. పొద్దంతా మగత. ఆకలి మాత్రం విపరీతం. ముద్ద తిని చేయి కడిగి, మళ్లీ వచ్చి "ఇంకేమైనా ఉండాదా?" అనేవాడు. మొలతాడు ముడి ఒకటొకటిగా వదులు చేసుకుంటూ పోయాడు. చివరికి పాతది తెంపి కొత్తది కట్టుకున్నాడు. పాతదాన్ని పారేయలేదు, గూట్లో మేకుకు తగిలించాడు.

డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లాం. అన్నీ పెరిగాయి. ఆమె పుస్తకం చూశారు. ఈ మూర్ఛ మందుతో కొందరికి ఆకలి పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, కొవ్వు చెప్పే "చాలు" అన్న మాట తలకు అందదు అన్నారు. "కానీ రెండుసార్లు పడ్డారు. ఆపమని నేనెలా చెప్పను?" ఆమె నా వైపు చూశారు. నేను గోడ మీద గుండె బొమ్మ చూస్తున్నాను. అన్న పక్కనే ఉన్నాడు, వదిన పక్కనే ఉంది.

ఇక ఆలస్యం చేయకూడదని అన్నకు షుగర్ మాత్ర రాశారు. మందుల షాపులో వదిన తీసుకున్న అట్టను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. అదే తెల్ల మాత్ర. మధ్యలో అదే గీత.

అన్నకు మనసు మారుతుందని వదిన అటునుంచి అటే ఆయన్ను బాగేపల్లికి, పుట్టింటికి, తీసుకుపోయింది. నేను ఊరికి వచ్చాను. పొద్దున డైరీలో కూర్చున్నాను. మిషన్ అంకె చూపిస్తోంది, నేను ఒకరి అంకె ఇంకొకరి గడిలో రాశాను. వరసలో ఉన్న ఆడమనిషి అరిచింది: "ఏమప్పా, నా పాల కొవ్వు ఆయమ్మకు ఇచ్చేస్తివి? కండ్లు యాడ పెట్టుకున్యావు?" ఇరవై ఏళ్లలో ఎవరూ నన్నలా అనలేదు. పాత నోటుపుస్తకాలు సంచిలో వేసుకుని బస్సెక్కాను.

బాగేపల్లిలో వదిన పుట్టినిల్లు బస్టాండు వెనక. వెళ్లేసరికి అన్న, వదిన అరుగు మీద చాట ముందు పెట్టుకుని శనక్కాయలు ఒలుస్తున్నారు. ఒలిచినవి సగం అన్న నోట్లోకే పోతున్నాయి.

"ఏమ్రా, రాత్రి ఇడిచిపెట్టి పొద్దన్నే వచ్చినావు? నన్ను ఇడిచి ఉండల్యాకనా?" అన్నాడు అన్న.

"మాత్ర వేసుకున్యావా అన్నా?"

"తిని ఏసుకుంటా. వంట అవుతాండాది."

"వేసుకోవద్దు."

వదిన చేయి ఆగింది. "మొన్న మందు ల్యాదని నేనేడిస్తే నీకు పట్టల్యా. ఇప్పుడు ఇస్తే వద్దంటావా?"

చెప్పేశాను. వరస లేదు, ముందుది వెనక, వెనకది ముందు. బలం మాత్ర కాదని చెప్పాను. అడకత్తెర చెప్పాను. చింతామణిలో ఇడ్లీ తిన్నాక ఇచ్చినది చెప్పాను. మరునాడు ఇచ్చినది చెప్పాను. రెండు ఆస్పత్రుల్లోనూ డాక్టర్లు అడిగారని, రెండుచోట్లా లేదన్నానని చెప్పాను.

వదిన లేచి నిలబడింది. ఒళ్లోని తొక్కలన్నీ కింద పడ్డాయి. "నీ చేతిలో ఇసం పెట్టినా తినేటోడు కదా మీ అన్న! తినేటోడు కాబట్టే పెట్టినావా?" అంది. గొంతు తగ్గించి, "మందియ్యల్యాదని మొదట అన్నది నేనే" అంది. ఆ నేరం ఆమెది కాదని చెప్పబోయాను. వినకుండా లోపలికి వెళ్లిపోయింది.

అన్న తిట్టలేదు. తిడతాడనే అనుకున్నాను, తిడితే బాగుండేది. గింజ ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పాడు.

"అట్లయితే దించింది నేను కాదా?" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు.

"మూడు నెల్లు నడిచినాను గదరా. సంగటి సగం చేసినాను. మొలతాడు బిగించినాను. ఊరంతా చెప్పుకున్యాను. అది నా నడకా, నీ మాత్రా?"

"తెలీదన్నా."

"నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తాది? రాసింది నువ్వే గదా."

పడిపోయినందుకు, తుంటికి, కర్రకు, ఇన్ని నెలల మగతకు మా అన్న నన్ను ఒక్క మాట అనలేదు. తన నడకను తన నుంచి తీసుకున్నందుకు మాత్రం ఆ రోజంతా నా ముఖం చూడలేదు.

మరునాడు ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె విన్నారు. కలం మూత పెట్టి, తీసి, పెట్టి, "మీరు కూడా సగమే వేసుకున్నారా ఇన్నాళ్లూ?" అని అడిగారు. అవునన్నాను. నడక కూడా లేదన్నాను, లోటాడు పాలు కూడా చెప్పాను. "అంటే నేను ఇన్ని నెలలు అసలు లేని మనుషులు ఇద్దరికి వైద్యం చేశాను" అన్నారు. కోపంగా కాదు, అలసటగా.

అన్న తన ప్రశ్న ఆమెను కూడా అడిగాడు. నడకా, తిండా, మాత్రా? నడక పని చేసే ఉంటుంది, తిండి పని చేసే ఉంటుంది, మాత్ర కూడా చేసింది, ఏది ఎంత అని ఇప్పుడు ఎవరూ విడదీయలేరు అన్నారు ఆమె. మూర్ఛ మందు ఒక్కసారిగా ఆపకూడదట, ఆపితే అదే ప్రమాదమట. నరాల డాక్టరుకు ఉత్తరం రాసిచ్చారు. ఆయన పరీక్షలు చేసి, మెల్లమెల్లగా తక్కువ పవరుకు దించుతున్నారు. ఇప్పటిదాకా అన్న పడలేదు. అసలు మూర్ఛ లేనే లేదా అంటే, లేకపోవచ్చు అంటారు గానీ, లేదని గట్టిగా ఎవరూ అనడం లేదు. మగత తగ్గింది. ఆకలి కొంచెం తగ్గింది.

వదిన అడకత్తెరను తన ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. వక్కలు కావాలంటే పళ్లతో కొరుక్కోమంటుంది నన్ను. నా పూర్తి మాత్రను రోజూ ఆమె ముందే మింగాలి. మింగాక నోరు తెరిచి చూపించాలి.

మొన్న అన్న కర్ర పట్టుకుని డైరీ దాకా నడిచి వచ్చాడు. పడిన తర్వాత అంత దూరం రావడం అదే మొదలు. కొత్త నోటుపుస్తకం తెచ్చాడు. అందులో తన పెద్ద పెద్ద అక్షరాలతో "డైరీ వరకు" అని ఒక్క ముక్క రాసుకున్నాడు. నేను చూడబోతే మూసేశాడు. "ఇది నేను రాసుకుంటా. నువ్వు పాలు రాసుకో."

తర్వాత సంచిలోంచి పాతది తీసి నా బల్ల మీద పెట్టాడు. "ఇది మాత్రం నువ్వే సరి చేయల్ల. ఏ రోజు ఇచ్చినావో రాయి. మళ్లా నడక మొదులుపెడ్తే, ముందు అంకె ఎంత నాదో నాకు తెలియల్ల గదా."

వరసలో ఉన్నవాళ్లు చూస్తున్నారు. ఎర్ర కలం తీసుకుని మొదటి రోజు గడిలో "లేదు" కొట్టేసి "సగం" అని రాశాను. ఏంది అది అని ముందున్నాయన అడిగాడు. చెప్పాను. వెనకున్నవాళ్లకు వినిపించలేదంటే ఇంకోసారి చెప్పాను. అన్న పక్కన బెంచీ మీద కూర్చుని విన్నాడు, వద్దనలేదు.

రెండో వారం దాకా బాగానే రాశాను. తర్వాత ఒక చోట ఆగిపోయాను. నేను బాగేపల్లి పెళ్లికి పోయిన రోజులవి. అడకత్తెరతో ముందే కోసి అన్నకు ఇచ్చి పోయానా, లేక ఆ రెండు రోజులు అన్నకు మాత్ర లేనే లేదా? ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. అలాంటి రోజులు ఇంకా ఉన్నాయి.

"ఏం రాయమంటావు అన్నా?"

"తెలీదని రాయి."

రాశాను. తర్వాతి పేజీలో కూడా అదే రాయవలసి వచ్చింది.